మంచు మీద బంతిపూలు

మొన్న ఇనప పెట్టె సర్దుతుంటే అడుగున, పాత దుప్పట్ల కింద, మా నాయన మంకీ టోపీ దొరికింది. మెరూన్ రంగుది. కలరా ఉండల ఘాటుకు కళ్లు మండాయి గానీ, ముఖం దగ్గర పెట్టుకుంటే ఆ ఘాటు కింద ఇంకో వాసన ఇంకా ఉంది. విత్తనాలకు పట్టించే మందు వాసన. నాయన ఎక్కడికి పోయినా అది ఆయనకంటే ముందు గుమ్మం దాటేది. మా కోడలు తలుపు దగ్గర నిలబడి, "అదెందుకత్తయ్యా, పారేద్దాం" అంది. ఆ టోపీ కాశ్మీరు చూసొచ్చిందని చెప్పాను. "మీరు కాశ్మీరు పోయారా? ఎప్పుడు? ఫోటోలేవీ?" అని అడిగింది. ఫోటో ఒకటుండేది. దాని గురించి చెప్పాలంటే మా రాహేలత్త గురించి చెప్పాలి. రాహేలత్త కాశ్మీరు ఎందుకు పోయిందో చెప్పాలంటే చామంతి మడుల దగ్గర మొదలుపెట్టాలి. ఇంత కథ ఉందని తెలిసి కోడలు కుక్కరు కూత వేసిందని వంటింట్లోకి పోయింది. కుక్కరు కూత నాకైతే వినపడలేదు.

మేమప్పుడు నంద్యాలలో సర్కారు వ్యవసాయ ఫారం క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాయన అక్కడ గుమాస్తా. వచ్చిన కాగితం మీద నంబరు వేయడం, పోయే కాగితం మీద ముద్ర కొట్టడం ఆయన పని. కానీ అన్నేళ్లు సైంటిస్టుల కాగితాలకు నంబర్లు వేశాడు కాబట్టి తనూ సగం సైంటిస్టునని గట్టిగా నమ్మేవాడు. ఇంటి ముందు నాలుగు మడులు కట్టి చామంతి, బంతి వేసేవాడు. మా ఊళ్లో పువ్వుల కాలమంటే చలికాలమే. ఎండాకాలంలో కంపచెట్లు కూడా నీడ కోసం వెతుక్కుంటాయి. క్రిస్మస్ నుంచి శివరాత్రి దాకా మాత్రం మడుల్లో మట్టి కనపడేది కాదు. పొద్దున్నే లోపల అమ్మ ఉగ్గానికి బొరుగులు తడుపుతుంటే, బయట నాయన ఆ మంకీ టోపీ పెట్టుకుని, చేతిలో మగ్గుతో మడుల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కో మొక్కను పలకరించేవాడు. ఆదివారం పళ్లెం నిండా పువ్వులు కోసి చర్చి బల్ల మీదికి నా చేత పంపేవాడు. "తోటకు సలే ప్రాణం మ్మే" అని నాకు పాఠం చెప్పేవాడు. మా కొంప ముంచింది ఈ మాటే.

రాహేలత్త నాయనకు అక్క. ఆళ్లగడ్డలో చిన్నబడి టీచరు. పెళ్లి చేసుకోలేదు. శనివారం బడి విడిచాక ఎర్రబస్సెక్కి మా ఇంటికి వచ్చేది, చేతిలో చెనిక్కాయ బెల్లం ఉంటల డబ్బాతో. కూర్చునే ముందు కుర్చీని ఒకసారి ఊపి చూసేది. కాఫీ తాగాక గ్లాసు తనే కడిగి బోర్లించేది. ఇవన్నీ చిన్న అలవాట్లు. పెద్ద అలవాటేమిటంటే, ఆమె అబద్ధం ఆడేది కాదు. అంటే మనమందరం ఆడం అనుకునే పద్ధతిలో కాదు, నిజంగానే ఆడేది కాదు. అమ్మ "కూర ఎట్లుంది వదినా?" అంటే "ఉప్పెక్కువేసినావ్" అనేది. చంటిపిల్లవాణ్ణి ముద్దుగా ఎత్తుకొచ్చి "ఎట్లుండాడు టీచరమ్మా?" అని అడిగిన తల్లికి, "ముక్కు అంత బాగలేదు. కండ్లు మంచియే" అని తీర్పిచ్చేది. అయినా ఆళ్లగడ్డలో ఆమెకున్న గౌరవం ఎవరికీ లేదు. పొలం గట్టు తగాదా వచ్చినా, సంబంధం విచారించాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. టీచరమ్మ చూసినానంటే చూసినట్టే, లేదంటే లేనట్టే. అక్కడితో ఆ పంచాయితీ అయిపోయేది.

ఇలాంటి మనిషిని ముప్పై ఏళ్లుగా ఒక పాఠం పీడిస్తూ వచ్చింది. నాలుగో తరగతి వాచకంలో కాశ్మీరులో పాదుషా కట్టించిన షాలిమార్ తోట గురించి ఉండేది. మెట్లు మెట్లుగా దిగే పూలమడులు, మధ్యలో పారే కాలువ, వరసగా నీళ్లు చిమ్మే గొట్టాలు. ఏటా ఆ పాఠం వచ్చేసరికి ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఆ శనివారం నాయనతో గొడవ పెట్టుకునేది.

"సామేలూ, ఆ తోట నేను చూసినానా? లే. సూసినట్ల చేతులు తిప్పుకుంటా చెప్తాండా. ఇది అబద్ధం గాక ఏందిరా?"

"అక్కా, అక్బరును చూసినావా? చూడకనే చెప్తాండావు గదా?"

"అక్బరు సచ్చిపాయ. తోట ఉండాది."

నాయన మగ్గు తీసుకుని మడుల దగ్గరికి పోయేవాడు. వచ్చే ఎండాకాలం ఆమె రిటైరు కావాలి. అంతలోపు ఒక్కసారి ఆ తోట చూసి రావాలి, ఒక్క ఏడాదైనా ఆ పాఠాన్ని చూసిన మనిషిగా చెప్పి బడి మెట్లు దిగాలి. ఆమె కోరిక ఇదొక్కటే. బంగారం అడగలేదు, ఇల్లు అడగలేదు. ఇంత చిన్న కోరిక తీర్చలేమా అని నాయనకు పట్టుదల వచ్చింది. ఆఫీసులో ప్రయాణ రాయితీకి అర్జీ పెట్టి, దాని మీద తనే నంబరు వేసుకున్నాడు.

ఏ నెలలో పోవాలనే చర్చ మా ఇంట్లో రెండు నిమిషాలు జరిగింది. "జనవరి" అన్నాడు నాయన. "మన మడుల్లోనే ఇట్లుంటే, ఇంగ పాదుషా మడుల్లో ఎట్లుంటాదో సూడు!" శ్రీనగర్లో ఒక లాడ్జికి కార్డు రాస్తే, జనవరిలో వస్తే పావు అద్దెకే గది ఇస్తామని బదులొచ్చింది. ఎందుకంత చవకో మాలో ఒక్కరు కూడా అడగలేదు. నాయన అదృష్టమన్నాడు. అమ్మ ప్రార్థన ఫలమంది. అత్త కార్డును రెండుసార్లు చదివి "ఆ ఊరోళ్లు మంచోళ్లు" అంది. అమ్మ పలచటి జొన్నరొట్టెలు చేసి అప్పడాల్లాగా ఎండబెట్టింది. చెనిక్కాయ పొడి, ఊరుబిండి, ఒక గోనెసంచి నిండా బొరుగులు సిద్ధమయ్యాయి. నాయన చిన్ననాటి దోస్తు మస్తానన్నకు నంద్యాల బజారులో ఫోటో స్టూడియో ఉండేది. ఆయన తన పాత డబ్బా కెమెరా ఇచ్చి, "నువ్వు కదలాకుండా నొక్కు సాలు, మిగిలింది నేను చూసుకుంటా" అని భరోసా ఇచ్చాడు. ఆ మాట ఆయన ఎంత నిజంగా అన్నాడో మాకు తర్వాత తెలిసింది.

నంద్యాలలో చిన్న రైలెక్కి, గుంతకల్లులో పెద్ద రైలు పట్టుకున్నాం. ఢిల్లీ దాకా అంతా బాగుంది. ఢిల్లీ దాటాక స్టేషను స్టేషనుకూ మా పెట్టెలు ఖాళీ అవుతూ, మేము లావవుతూ వచ్చాం. జమ్మూ చేరేసరికి తెచ్చుకున్న బట్టలన్నీ మా ఒంటి మీదే ఉన్నాయి. నేను గౌను మీద గౌను, దాని మీద నాయన చొక్కా, దాని మీద కంబళి. అక్కడనుంచి బస్సు. కొండల్లో దారి మూసేశారని ఒక ఊళ్లో ఒకటిన్నర రోజు ఆపేశారు. బస్సులో ఉన్నవాళ్లంతా ఇళ్లకు పోతున్న ఆ ఊరివాళ్లే. ఒకాయన హిందీలో ఈ చలిలో ఎందుకు వస్తున్నారని నాయనను అడిగాడు. నాయన ఛాతీ విరిచి "గార్డెన్ దేఖ్‌నా" అన్నాడు. బస్సంతా ఒక్కసారి వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. పాపం, ఎవరూ నవ్వలేదు. ఒక ముసలమ్మ మాత్రం నా చేతిలో నాలుగు అక్రోట్లు పెట్టి, తల నిమిరి, ఏదో దీవించింది. దిక్కులేని పిల్లను దీవించినట్టు దీవించిందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

తోట గేటు దగ్గర ఒక ముసలాయన పొడుగాటి అంగీలో కూర్చుని కునుకుతున్నాడు. చేతులు రెండూ అంగీ లోపలే ఉన్నాయి. మెడ దగ్గరనుంచి సన్నగా పొగ వస్తోంది. అమ్మ ముందు చూసింది. "అయ్యో దేవుడా, ఆయప్ప అంటుకున్యాడు!" అని కేక పెట్టింది. అత్త ఒక్క అంగలో పోయి, మరచెంబు మూత తిప్పి ఆయన నెత్తిన వంచింది. చుక్క రాలేదు. చెంబులో నీళ్లు గడ్డకట్టాయి. నాయన తన కంబళి తీసి ఆయన మీద కప్పి మంటలు ఆర్పడానికి అదిమాడు. ముసలాయన గింజుకుని లేచి, మమ్మల్ని దొంగలనుకుని అరిచి, తర్వాత సంగతి అర్థమై, అంగీ ఎత్తి లోపల బుట్టలో పెట్టుకున్న నిప్పుల కుండను చూపించాడు. ఆ ఊళ్లో చలికి అందరూ అట్లాగే పొట్ట దగ్గర నిప్పులు పెట్టుకుని తిరుగుతారట. ఆ తోటకు ఆయనే మాలీ. నవ్వీ నవ్వీ ఆయనకు దగ్గొచ్చింది. మేం మాత్రం నవ్వలేదు. ఎందుకంటే అప్పటికి మేం గేటులోంచి లోపలికి చూశాం.

లోపల ఏమీ లేదు. అదెలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. మెట్లు లేవు, మడులు లేవు, కాలువ లేదు. ఎంతదూరం చూసినా తెలుపు, అక్కడక్కడ ఆకు లేని పెద్ద పెద్ద చెట్లు. నీళ్లు చిమ్మే గొట్టాలకు గోనెపట్టలు చుట్టి తాళ్లతో కట్టేశారు. అత్త సంచీలోంచి వాచకం తీసి, పాఠంలో ఒక్కో వాక్యం పైకి చదివి, తలెత్తి చూసి, మళ్లీ చదివింది. తోటకు చలే ప్రాణమన్న మనిషి టోపీని కళ్ల దాకా లాక్కున్నాడు.

అమ్మ నంద్యాల సంతలో నేర్చిన తురకంలో, పువ్వులెక్కడని మాలీని అడిగింది. "ఏం జీ, ఫూలాఁ కిధర్?"

ఆ మాలీకి ఎంత అర్థమైందో గానీ, "ఫూల్?" అని లేచాడు. గోడకు ఆనించిన కర్ర తీసుకుని మంచులోకి దిగి, రమ్మని చెయ్యూపాడు. మా నలుగురినీ వెంటబెట్టుకుని తోటంతా తిప్పాడు. పది అడుగులకోసారి ఆగి, మంచులో కర్ర గుచ్చి, కింద ఉన్న పువ్వు పేరు చెప్పేవాడు. ఇక్కడ గులాబీలు. ఇక్కడ ఎర్రవి. ఇక్కడ పసుపువి, గుత్తులు గుత్తులుగా ఉంటాయని చేత్తో చూపించాడు. ఒకచోట వంగి వాసన చూసినట్టు ముక్కు కూడా ఎగబీల్చాడు. అమ్మ తెలుగులోకి మార్చి చెప్పేది. "ఈడ గులాబీలంట వదినా. ఆడ ఇంకేందో పువ్వంట, దానికి మన పక్క పేరు లేదు." అత్త వాచకం అట్ట మీద పెన్సిలుతో రాసుకుంటూ నడిచింది. అంత మంచులో ఐదుగురు మనుషులు లేని పూలమడులను తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడవడం ఎవరైనా చూసుంటే ఏమనుకునేవారో. చివర్లో మాలీ వేళ్లమీద నెలలు లెక్కపెట్టి, మే నెలలో రండి, అన్నీ చూపిస్తానన్నాడు. నాయన వెంటనే, "మే దాకా సెలవు పెడితే ఎట్లుంటాది?" అన్నాడు. అమ్మ ఆయనవైపు చూసిన చూపుకు పోయి కెమెరా సర్దుకున్నాడు.

అత్త గట్టు మీద కూర్చుంది. "మ్మే, నేనేం చూసినానే?" అని నన్నడిగింది. "ఆయప్ప చెప్పింది విన్యా. వినింది చెప్పనీకి ఇంత దూరం రావల్నా? అది ఆళ్లగడ్డలో కూచొని ముప్పై ఏండ్లు చెప్పినా గదా." "మంచు చూసినావు గదత్తా" అన్నాను. ఆమె చుట్టూ చూసింది. తర్వాత లేచి, పెన్సిలుతో రాసిందంతా వేలితో రుద్దేసి, "ఔ. మంచు చూసినా. అదే చెప్తా" అంది. మాలీ చేతికి కెమెరా ఇచ్చి నాయన మా నలుగురినీ నిలబెట్టాడు. ఒక్క ఫోటో. ఆ రాత్రి లాడ్జిలో అమ్మ చేసిన ఉగ్గాని రుచి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

అత్త అన్నమాట ప్రకారమే చెప్పింది. ఆళ్లగడ్డ బస్టాండులో దిగిన దగ్గర్నుంచీ ఎవరడిగినా, "తోటలో పువ్వు లేదు, నీళ్లు లేవు. అంతా మంచు" అంది. ఊరు మొదట జాలిపడింది. "పాపం టీచరమ్మను బస్సోడు వేరే యాడికో తీస్కపోయినాడు" అన్నారు. పాదుషా కట్టించిన తోటలో జనవరిలో పువ్వులుండవంటే మా సీమలో ఎవరు నమ్ముతారు? వాళ్ల ఇళ్ల ముందే బంతిపూలు విరగబూసి ఉన్నాయి. అయినా చెప్పింది రాహేలు టీచరు కాబట్టి, కష్టంమీద నమ్మడానికి ప్రయత్నం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు ఫోటో వచ్చింది.

అక్క రిటైరు కానుకగా ఆ ఫోటోను పెద్దది చేయించి, పటం కట్టించి నేరుగా బడికి పంపమని నాయన మస్తానన్నకు చెప్పాడు. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడాయన. మేమెవరమూ దాన్ని ముందు చూడలేదు. హెడ్‌మాస్టరు తరగతి గోడకు తగిలించి, ఊరి పెద్దలను పిలిచి చూపించాడు. పటంలో పచ్చటి గడ్డి. నీలం కాలువ. ఐదు చోట్ల నీళ్లు చిమ్ముతున్నాయి. మా కాళ్ల చుట్టూ మోకాళ్ల దాకా బంతిపూలు, చామంతులు. వాటి మధ్య మేం నలుగురం మంకీ టోపీలతో, కంబళ్లతో, పళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాం. ఆదివారం అత్త మమ్మల్ని తీసుకెళ్లి చూపిస్తే, నాయన కూడా ఒక్క నిమిషం తడబడ్డాడు. "అక్కా, మనమే సరిగా చూల్లేదేమో" అన్నాడు. ఊరు మాత్రం తడబడలేదు. "ఇన్ని పువ్వులు పెట్టుకొని మంచంట! టీచరమ్మ మనతో పరాచికాలాడింది" అని పగలబడి నవ్వారు. ఆళ్లగడ్డలో రాహేలత్త అబద్ధమాడిందన్న మాట పుట్టడం అదే మొదలు. పుట్టింది ఆమె నిజం చెప్పినందుకు.

ఆ సాయంత్రమే ఆమె నన్ను వెంటబెట్టుకుని నంద్యాలలో మస్తానన్న స్టూడియోకు వచ్చింది. మస్తానన్న పటాలకు రంగులు వేయడంలో చేయి తిరిగినవాడు. ఆయన స్టూడియో నిండా పెండ్లికూతుళ్లే. అందరి మెడల్లో కాసులపేర్లు, చేతులకు వంకీలు. అత్త అడగకముందే ఆయన మొదలుపెట్టాడు.

"ఎట్లుందక్కా పటం? ఫిలిం పాడైండె. అంతా తెల్లగా వచ్చిండె. సామేలు కాశ్మీరుదాకా పోయి ఉత్త తెల్లకాగితం తెచ్చుకున్యాడని ఏడ్చుకుంటాడని, నాలుగు దినాలు కూచొని గీసినా."

"అది పాడవలేదప్పా. ఆడ అట్లే ఉండింది."

మస్తానన్న కుంచె కింద పెట్టాడు. "అట్లయితే నేను వచ్చి చెప్తానక్కా, మీ బళ్లో అందర్లో. నేనే గీసినానని" అన్నాడు. అత్త సరే అనబోయింది. నోరు తెరవడం నేను చూశాను. అంతలో ఆమె కళ్లు గోడమీదికి పోయాయి. ఒక పెండ్లికూతురు దగ్గర ఆగాయి. ఆ అమ్మాయి అత్త దగ్గర చదువుకున్నదే. పసుపుతాడు తప్ప మెడలో ఇంకేమీ లేకుండా ఆళ్లగడ్డలో పీటలెక్కిందని అత్తకు తెలుసు. పటంలో మాత్రం మెడ నిండా బంగారం మెరుస్తోంది. ఆ పటాలు ఎన్ని అత్తిళ్ల గోడల మీద, ఎంతమంది చుట్టాల ముందు గౌరవం నిలబెడుతున్నాయో ఎవరికి తెలుసు! పువ్వులు గీసిన చెయ్యి అదేనని తెలిస్తే, అందరి కళ్లూ ఆ మెడల మీద పడతాయి.

"వద్దులేప్పా" అంది అత్త. "ఈ మాట యాడా చెప్పాకు."

"మరి నిన్ను అబద్ధాలకోరు అంటాండారంటనే?"

"అననీలే. నేనేం ఆడలేదు గదా."

ఆ ఏడాది చివరిసారిగా ఆమె ఆ పాఠం చెప్పింది. ఆ రోజు మా బడికి మాత్రం సెలవు కాబట్టి నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మంచు గురించి చెప్పింది. గొట్టాలకు కట్టిన గోనెపట్టల గురించి, ఆకుల్లేని చెట్ల గురించి, నడుస్తుంటే కాళ్లకింద వచ్చే చప్పుడు గురించి చెప్పింది. అంత బాగా ఆమె ఏ పాఠమూ చెప్పగా నేను వినలేదు. పిల్లలు ఆమెవైపు ఒకసారి, గోడవైపు ఒకసారి చూశారు. ఒక అమ్మాయి లేచి, "మరి అదేంది టీచర్?" అని పటం చూపించింది. "అది పటం" అంది అత్త. "నేను చెప్తాండేది తోట." పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఇంటికి పోయాక కాఫీ గ్లాసును రెండుసార్లు కడిగి బోర్లించింది. తర్వాత గట్టు తగాదాలకు ఆమెను పిలవడం తగ్గింది. ఎవరూ అవమానించలేదు. ప్రేమగానే ఆటపట్టించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మా మనవరాలు ఇప్పుడు ఫోనులో వేలితో రుద్ది బూడిదరంగు ఆకాశాన్ని నీలం చేస్తుంది. ఆ ఆకాశాన్ని ఎవరూ నమ్మరు, నమ్మలేదని ఎవరూ నొచ్చుకోరు. అప్పట్లో మాత్రం ఒక్క పటం ఒక మనిషి ముప్పై ఏళ్ల మాటను కొట్టేయగలిగేది.

రాహేలత్త పోయినప్పుడు నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు. ఆళ్లగడ్డ సమాధుల దొడ్డి నిండా జనం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, రిటైరైన హెడ్‌మాస్టరు, నంద్యాలనుంచి మేము. పాస్టరయ్య సాక్ష్యం చెబుతూ, "ఈ సహోదరి తన జీవితమంతా ఒక్క అబద్ధమూ ఆడలేదు" అన్నాడు. వెనకనుంచి హెడ్‌మాస్టరు, కళ్లు తుడుచుకుంటూనే, "ఆ కాశ్మీరు పరాచికం ఒక్కటి తప్ప" అన్నాడు. ఏడుస్తున్న జనం ఏడుస్తూనే మెల్లగా నవ్వారు. నేను లేవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పటం సంగతి ఎక్కడా బయటపెట్టబోమని ఇంట్లో అందరం అత్తకు మాటిచ్చాం కదా అని ఆమె భయం.

అంతలో దొడ్డి గోడ పక్కనుంచి మస్తానన్న ముందుకు వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. కళ్లు సరిగా ఆనక, ఒక్కో సమాధినీ చేత్తో తడుముకుంటూ వచ్చి, "అయ్యా, నేనొక మాట చెప్పొచ్చునా?" అని పాస్టరయ్యను అడిగాడు. చెప్పమన్నాడాయన.

"ఆ పువ్వులు నేను గీసినవి. ఆడ మంచే ఉండింది. అక్క నిజమే చెప్పింది. చెప్పాకు అంటే ఇన్ని ఏండ్లు చెప్పలేదు. నా కోసరం, మీ కోసరం ఆయమ్మ మాట పడింది."

ఆడవాళ్లలోంచి ఎవరో, భయపడుతూ అడిగారు. "ఇంకా ఏమేం గీసినావ్ సాయిబూ?"

మస్తానన్న తల వంచుకున్నాడు. "చానా" అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి మెడలు ఒకరు చూసుకున్నారు. ఒకామె కొంగు మెడ చుట్టూ లాక్కుంది. ఇంకొకామె తన అత్తగారి వైపు తిరిగి ఏదో అడగబోయి, ఆగిపోయింది. అత్త అన్నేళ్లు ఏం మోసిందో ఆ ఊరికి అప్పుడు అర్థమైంది. నేను ఏడ్చాను. నాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పాస్టరయ్య గొంతు సవరించుకుని, ఒక్క అబద్ధమూ ఆడలేదన్న మాటను మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు.